తిరుగుడు అలమరకు అవతల

పోయిన వారం మీరు నన్ను మా కింది పేట ఇంట్లో, వంటగదిలో ఒంటరిగా నిలబెట్టి వెళ్ళిపోయారు. తప్పు మీది కాదులెండి, పత్రికలో చోటు అయిపోయింది. మీరు పత్రిక మడిచి పక్కన పెట్టి మీ పనుల్లో పడ్డారు. నేను మాత్రం అప్పటి నుంచీ ఆ అలమర ముందే ఊపిరి బిగబట్టి నిలబడి ఉన్నాను.

కొత్తగా చదివేవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పాలి. నా పేరు షాహెందె. సఫ్రన్‌బోలులో కాస్త కలిగిన కుటుంబాలకి రెండేసి ఇళ్ళు. చలికాలానికి లోయలో కింది పేట ఇల్లు, ఎండాకాలానికి కొండ మీద తోటల ఇల్లు. జూన్‌లో పైకి ఎక్కుతాం, ద్రాక్షపాకం కాచుకుని అక్టోబరులో దిగుతాం. వెళ్ళేటప్పుడు వీధి తలుపు కడియాలు రెండిటినీ తాడుతో కలిపి కడతాం. బిగుతు ముడి ఉంటే ఇంటివాళ్ళు ఇప్పట్లో రారని అర్థం. వదులు ముడి ఉంటే పక్కకి వెళ్ళారు, వచ్చేస్తారని. జూన్‌లో మా తలుపుకి బిగుతు ముడి కట్టింది నేనే. ఆ మంగళవారం మధ్యాహ్నం, మర్నాటి పాకానికి పెద్ద రాగి గంగాళం కావాలని దిగి వచ్చి చూస్తే, ఆ తాడుకి వదులు ముడి ఉంది.

లోపలికి వచ్చాను. రాకుండా ఉండాల్సింది. ఆడవాళ్ళ వైపుకీ మగవాళ్ళ వైపుకీ మధ్య గోడలో మాకు గుండ్రటి చెక్క అలమర ఒకటుంది. దానికి ఒక పక్కే తెరిచి ఉంటుంది. వంటగదిలోంచి గిన్నె పెట్టి తిప్పితే మగవాళ్ళ గదిలోకి పోతుంది. పెట్టిన చెయ్యి ఎవరిదో వాళ్ళకి కనపడదు, తిన్న మనిషి ఎవరో మనకి కనపడడు. నేను చూస్తూండగానే ఆ అలమర తనంతట తానే తిరిగింది. అందులో ఒక కాఫీ కప్పు నా ముందుకొచ్చింది. అడుగున మడ్డి ఇంకా తడిగా ఉంది.

అక్కడ ఆగాం. ఇక వినండి.

మూడు నెలలుగా మూసి ఉన్న ఇల్లు. గోడ అవతల ఎవరో ఉన్నారు. దొంగైతే కాఫీ తాగి కప్పు తిరిగి ఇవ్వడు. నేను చెప్పులు విడిచి చేత్తో పట్టుకున్నాను. తలుపు దాకా పదడుగులు. నేల చెక్కల్లో ఏది కిర్రుమంటుందో ఏది అనదో నాకు కంఠతా వచ్చు. మొదటి అడుగు వేశాను, రెండోది వేశాను.

అప్పుడు అలమర చెక్క మీద ఎవరో వేలి కణుపుతో రెండుసార్లు కొట్టారు.

నేను చేసిన తప్పు ఇప్పుడు చెప్తాను, నవ్వకండి. మా ఊరి కోడలు ఎవరైనా అదే చేసేది. మగవాళ్ళ వైపు నుంచి రెండు దెబ్బలు వినపడితే కాఫీ కావాలని. విన్నానని చెప్పడానికి మనం ఇటు నుంచి ఒక దెబ్బ కొట్టాలి. పెళ్ళయిన మొదటి నెలలో ఆ ఒక్క దెబ్బ ఆలస్యమైందని మా అత్తగారు నా వేళ్ళ మీద గరిటెతో కొట్టింది. అప్పటి నుంచీ ఆ చప్పుడు వింటే నా చెయ్యి నన్ను అడగదు. ఒక చేతిలో చెప్పులు పట్టుకుని, పారిపోతూ పారిపోతూ, వెనక్కి తిరిగి టక్కున ఒక దెబ్బ కొట్టాను.

కొట్టాక తెలివొచ్చింది.  దాక్కున్న పిల్లి తానే మ్యావుమన్నట్టు, ఇక్కడ ఒక ఆడది ఉందని నేనే చెప్పేశాను.

 తరవాత చెక్క మీద గోటితో గీసిన చప్పుడు, పై నుంచి కిందికి, పొడుగ్గా.

ఆ గీత అంటే చక్కెర వద్దని. మా ఇంట్లో చక్కెర లేకుండా కాఫీ తాగినవాళ్ళు ఇద్దరే. ఒకరు మా మామగారు, ఆయన పోయి ఎనిమిదేళ్ళు. రెండోవాడు నా మొదటి భర్త వస్ఫీ. ఆరేళ్ళ కిందట సముద్రం ఒడ్డున బొగ్గు గని కూలినప్పుడు అందులోనే ఉండిపోయాడు. శవం కూడా దొరకలేదు. శవం లేకుండానే జనాజా నమాజు చదివించాం. పద్దెనిమిది నెలల తరవాత నన్ను అతని తమ్ముడు నాషిత్‌కి ఇచ్చి చేశారు. మాకొక కూతురు, బిన్నాజ్. నాలుగో ఏడు నడుస్తోంది.

నిజం చెప్తాను. వస్ఫీ చచ్చిపోయాడని విన్న రోజు నేను ఏడ్చాను, కానీ ఆ రాత్రి మూడేళ్ళలో మొదటిసారి నిండా నిద్రపోయాను. అతను చెడ్డవాడు కాదు. పాటలు పాడేవాడు, ఇంటికి వస్తూ పళ్ళు తెచ్చేవాడు. కోపం వస్తే మాత్రం ముందూ వెనకా చూసుకునేవాడు కాదు. ఒకసారి తన గుర్రాన్ని అడక్కుండా ఎక్కాడని నాషిత్ ఎడమ చెయ్యి మోచేతి దగ్గర విరిచేశాడు. ఆ చెయ్యి ఇప్పటికీ పూర్తిగా సాగదు. నాషిత్ చెప్పులు కుడతాడు, తోలుని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని కుట్టడం అందుకే అలవాటు చేసుకున్నాడు. చెయ్యి విరిచిన సాయంత్రమే వస్ఫీ తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడు కూడా. ఆ ఏడుపు చూశాక నాకు అతనంటే భయం ఇంకా పెరిగింది.

పారిపోవచ్చు కదా అంటారు. పారిపోతే అతను వెంటపడి వీధిలోకి వస్తాడు. పొద్దు వాలాక అసర్ నమాజు వేళకి నాషిత్ గాడిదని తీసుకుని గంగాళం మోసుకుపోవడానికి వస్తానన్నాడు. వీధిలో అన్నదమ్ములిద్దరూ ఎదురుపడితే ఏమవుతుంది?  కాబట్టి స్పిరిట్ పొయ్యి వెలిగించి కాఫీ పెట్టాను.

అగ్గిపుల్లలు నాలుగు విరిగాయి. కాఫీ పొడి సగం నేల మీద పడింది. అంత భయంలోనూ నురగ విరిగిపోకుండా దించాను చూడండి, అదీ మా అత్తగారి శిక్షణ. కప్పు అలమరలో పెట్టి, చేతికి అందినంత దూరంలో నిలబడి తిప్పాను.

"అప్పుడే తిరిగొచ్చావేమ్మా?" అన్నాడు అవతలి మనిషి.

అదే గొంతు. కాస్త బొంగురుపోయింది, అంతే. నేను చిన్నప్పుడు నేర్చుకున్న దువాలన్నీ ఒకేసారి గుర్తొచ్చి, ఒక్కటీ సరిగ్గా నోటికి రాలేదు. అతను కాఫీ జుర్రిన చప్పుడైంది. ఆ తరవాత కప్పు కింద పెట్టాడు.

"ఇది నీ చేతి కాఫీ కాదు," అన్నాడు.

నేను గోడకి అంటుకుపోయాను.

"అమ్మా?" అన్నాడు. కాస్త ఆగి, గొంతు తగ్గించి, "షాహెందె వచ్చిందా? తీసుకొచ్చావా?" అన్నాడు. ఆ అడగడంలో కోపం లేదు. పండగ పూట పిల్లలు అడిగినట్టు ఆశగా అడిగాడు. అరిచినా నేను అంత భయపడేదాన్ని కాదు.

సరిగ్గా అప్పుడు వీధి తలుపు తెరుచుకుంది. మా అత్తగారు రెమ్జియె, ఊరి స్నానశాల హమాముకి తీసుకెళ్ళే మూట చంకలో పెట్టుకుని, మెట్ల మీద ఆయాసపడుతూ వంటగదిలోకి వచ్చింది. నన్ను చూసింది. అలమర వైపు చూసింది. డెబ్భయ్యేళ్ళ మనిషి, ఒక్క క్షణం కూడా తడబడలేదు.

"నేనే నాయనా! నేనే!" అని అటు తిరిగి కేక వేసింది. "పొడి పాతదిరా, అందుకే రుచి మారింది. ఉండు, నీళ్ళు వదుల్తున్నా, గది చల్లబడుతుంది."

పొయ్యి పక్కన ఇత్తడి కుళాయి ఉంది, వంగి దాన్ని పూర్తిగా తిప్పేసింది. మగవాళ్ళ గది మధ్యలో ఉన్న తొట్టిలోకి నీళ్ళు ధారగా పడటం మొదలైంది. మా మామగారి తాత తన వ్యాపారం మాటలు పనివాళ్ళ చెవిన పడకూడదని చేయించుకున్న ఏర్పాటు అది. ఆ నీళ్ళు పడుతుంటే గోడ ఇవతలి మాట అవతలికి వినపడదు.

"ఎందుకొచ్చావే ఇప్పుడు?" అంది నా చెవి దగ్గర.

"గంగాళం కోసం."

"గంగాళానికి రేపు నేను మనిషిని పంపనా? నీకెప్పుడూ తొందరే. అన్నిట్లోనూ తొందరే."

"అత్తయ్యా," అన్నాను.  "గోడ అవతల చచ్చిపోయిన మనిషి కాఫీ తాగుతున్నాడు. మీరు నన్ను గంగాళం గురించి తిడుతున్నారు."

"చచ్చిపోయాడని ఎవరన్నారు?"

"మీరే అన్నారు! ఈ పొయ్యి మీదే చావు హల్వా కలిపారు. వీధి వీధంతా తిన్నాం. నా గాజులు తీయించి పెట్టెలో పెట్టారు."

ఆవిడ మూట కింద పెట్టి, ఒక చెయ్యి నడుం మీద ఆనించుకుంది. "వాడు ఆ రోజు గనిలోకి దిగలేదే. రాత్రి తాగి పడుకుని లేవలేకపోయాడు. తన నంబరు బిళ్ళ ఇంకో కుర్రాడికిచ్చి పంపాడు. వాడు వీడి పేరుతో పోయాడు. వీడు ఏ మొహం పెట్టుకుని ఇంటికొస్తాడు? ఓడలెక్కి పోయాడు, ఆరేళ్ళూ బాయిలర్ల దగ్గర బొగ్గు ఎత్తాడు."

"మీకు ఆరేళ్ళూ తెలుసా?"

"ఖురాన్ మీద ఒట్టు, తెలీదు. పదకొండు రోజుల కిందట హమాము నుంచి వస్తుంటే సంత దగ్గర వెనక నుంచి అమ్మా అన్నాడు. అక్కడే కూలబడ్డాను. ఎవరో నీళ్ళు చల్లారు. లేచాక బుర్ఖా కప్పి వెనక వీధిలోంచి తీసుకొచ్చి మగవాళ్ళ వైపు పెట్టాను."

పదకొండు రోజులు. మోకాలి నొప్పికి వేడినీళ్ళు మంచివని రోజూ కొండ దిగి హమాముకి వెళ్తుంటే, మా అత్తగారికి ఎంత శుభ్రత అని పక్కింటివాళ్ళకి గొప్పగా చెప్పుకున్నాను. ఆ మూటలో తువ్వాలు కింద రొట్టె, మాంసం, ఉడికించిన గుడ్లు. వాసనని బట్టి ఇప్పుడు తెలిసింది.

"తాడుకి ఆ వదులు ముడేమిటి మరి? పదకొండు రోజులు దాచినవాళ్ళు ముడి ఒక్కటి దాచలేకపోయారా?"

"లోపల ప్రాణం ఉన్న మనిషి ఉండగా బిగుతు ముడి కడతానుటే? సమాధి కట్టినట్టు కాదూ? ఒకసారి బతికుండగానే నమాజు చదివించాను వాడికి. మళ్ళీనా? నా చెయ్యి రాలేదు."

ఇంకో ఊరి మనిషైతే ముడి ఎలా కడితే ఏమిటనుకుని బిగించేసి పోయేది. మా అత్తగారు మా ఊరి మనిషి. అందుకే దొరికిపోయింది.

"అతనికేం చెప్పారు?" అన్నాను. 

ఆవిడ మూట ముడి విప్పడం మొదలుపెట్టింది. అది విప్పే అవసరం అప్పుడేమీ లేదు.

"అత్తయ్యా, నా గురించి ఏం చెప్పారు?"

"ఎదురు చూస్తున్నావని చెప్పాను."

"నాషిత్ గురించి?"

"పెళ్ళి చేసుకోలేదని చెప్పాను. చెప్పుల కొట్లోనే పడుకుంటాడని. తమ్ముణ్ణి చూస్తానంటే బేరాల మీద ఊళ్ళు తిరుగుతున్నాడన్నాను. బయటికొస్తే పోలీసులు పట్టుకుంటారని, ఆ చచ్చిన కుర్రాడి అన్నలు వెతుకుతున్నారని భయపెట్టాను."

"వెతుకుతున్నారా?"

"నాకేం తెలుసు! వాణ్ణి గదిలో ఉంచాలిగా."

ఇంకా ఏదో ఉందని ఆవిడ కళ్ళు చూస్తే తెలిసింది. నా చెయ్యి పట్టుకుంది. 

"నాలుగు రోజుల కిందట మూటలో బిన్నాజ్ బొమ్మ ఒకటి వచ్చేసిందే, ఆ గుడ్డ బొమ్మ. వాడు చూశాడు. ఎవరిదమ్మా ఇది అన్నాడు. వాడి మొహం నువ్వు చూడలేదు, షాహెందే. ఏం చెప్పాలో తోచలేదు. నోరు జారింది."

"ఏమని?"

"నీ కూతురిదేరా అన్నాను."

నీళ్ళు ధారగా పడుతున్నాయి. 

"నాలుగేళ్ళు కూడా నిండలేదు దానికి!"

"ఐదు దాటాయన్నాను. తిండి తినదు, ఎదుగూ బొదుగూ లేదన్నాను. మగాళ్ళకి పిల్లల వయసులు ఏం తెలుస్తాయే?"

నాకు ఆవిడ్ని కొట్టాలనిపించింది. నిజంగానే చెయ్యి లేచింది. అంతలోనే ఆ కోపం ఎటు పోయిందో పోయి, భయం ఒక్కటే మిగిలింది. మొదటి భర్త బతికుంటే నా రెండో నిఖా ఏమవుతుంది? ముఫ్తీ ఏమంటాడో నాకు తెలీదు. కోర్టు ఏమంటుందో తెలీదు. కింది పేట ఆడవాళ్ళు హమాములో ఏమంటారో బాగా తెలుసు. బిన్నాజ్‌ని ఎవరి పిల్ల అని అడుగుతారో, ఆ అడిగేటప్పుడు ఎలా నవ్వుతారో కూడా తెలుసు. నా పిల్ల ఆ మాట పడుతూ పెరగాలి. అది కూడా ఇవాళ నాషిత్ ప్రాణాలతో బయటపడితేనే.

"విను," అంది అత్తగారు. "శుక్రవారం తెల్లారేసరికి లారీ మాట్లాడాను. రేవుకి తీసుకుపోతుంది. ఓడ ఎక్కితే మళ్ళీ రెండేళ్ళు రాడు. నీతో ఒక్క మాట మాట్లాడందే కదలనంటున్నాడు. అలమర దగ్గర నిలబడి ఒక్క మాట చెప్పు. ఎదురు చూస్తానని. అంతే. మొహం చూపించక్కర్లేదు."

"నాషిత్ పెళ్ళాన్ని నేను. ఆ మాట ఎలా అంటాను?"

"నాషిత్ కోసమే అనమంటున్నా! వాడి చెయ్యి ఎవరు విరిచారో మర్చిపోయావా? గుర్రం ఎక్కినందుకే అంత చేశాడు. ఇప్పుడు చేతితో ఆగుతాడా?" ఆవిడ మొహం ముడుచుకుపోయింది. "ఇద్దరూ నాకు రెండు కళ్ళే. ఏ కన్ను పొడుచుకోమంటావు, నువ్వే చెప్పు."

"శుక్రవారం దాకా ఎందుకు? నాషిత్ ఇప్పుడే వస్తున్నాడు."

"ఎక్కడికి?"

"ఇక్కడికే. గంగాళానికి. అసర్ వేళకి గాడిదని తీసుకుని."

ఆవిడ బోర్లించిన గంగాళం మీద కూర్చుండిపోయింది. ఇందాక నన్ను చూసి కూడా చలించని మనిషి, ఇప్పుడు పెదవులు తెల్లబడి నా వైపు నోరు తెరుచుకుని చూసింది. అదే సమయానికి బజారు మసీదులోంచి అసర్ అజాన్ మొదలైంది.

మా ఊళ్ళో కొండ నీళ్ళకి వంతులున్నాయి. మధ్యాహ్నం మా వీధిది. అజాన్ వినగానే నీరటికాడు రాయి తీసి నీళ్ళని కింద తోళ్ళు పదును చేసే కార్ఖానాల వైపు మళ్ళిస్తాడు. రోజూ జరిగేదే. మా ఇద్దరికీ ఆ మాట గుర్తే రాలేదు. అవతల ధార సన్నబడింది. అత్తగారు లేచి కుళాయిని అటూ ఇటూ తిప్పింది. తిప్పుతుండగానే ధార చుక్కలైంది, చుక్కలు ఆగిపోయాయి.

అత్తగారు కుళాయి వదిలేసి నా వైపు చూసింది.

"నీళ్ళాగాయి," అన్నాడు వస్ఫీ. "ఇద్దరున్నారు మీరు. నేనేం చెవిటివాణ్ణి కాదమ్మా."

 అలమర మెల్లిగా తిరిగింది. ఈసారి అందులో చిన్న చెప్పుల జత ఉంది. ఎర్ర తోలు, ముందు పువ్వు.

"పిల్లకి," అన్నాడు. "ఇస్కెందెరున్ రేవులో కొన్నాను. కొన్నప్పుడు ఎవరికో తెలీదు. ఎర్రగా ఉన్నాయని ఊరికే కొన్నాను. అమ్మ చెప్పాక తెలిసింది ఎవరికో. సరిపోతాయా?"

చేతిలోకి తీసుకున్నాను. చెప్పులు కుట్టేవాడి పెళ్ళాన్ని, చూడకుండా ఉండలేను. కుట్లు వంకర, దారం మైనం పట్టనిది, నాషిత్ చూస్తే నవ్వుతాడు. ఒక్కో చెప్పులో బిన్నాజ్ పాదాలు రెండూ పడతాయి, అంత పెద్దవి. నాకు ఏడుపొచ్చింది, ఎవరి కోసమో తెలీదు.

"సరిపోతాయి," అన్నాను.

ఆరేళ్ళ తరవాత అతనితో నేనన్న మొదటి మాట అది. అవతల అతను ఊపిరి గట్టిగా వదిలాడు. అలమర దగ్గరికి జరిగినట్టున్నాడు, గొంతు బాగా దగ్గరగా వినపడింది. మా ఇద్దరికీ మధ్య బెత్తెడు చెక్క.

"కోపంగా ఉన్నావా?"

"లేదు."

"ఉండు పరవాలేదు. ఉండాల్సిందే. ఒక కుర్రాణ్ణి నా బదులు చంపుకున్నాను, నిన్ను బతికుండగా ముండమోపిని చేశాను. నిన్ను మొహం చూపించమని అడగను. ఎదురు చూశావని అమ్మ చెప్పింది. అది నీ నోట వినాలి. విన్నాక శుక్రవారం పోతాను, నువ్వు రమ్మంటేనే వస్తాను."

అత్తగారు గంగాళం మీద కూర్చునే రెండు చేతులూ జోడించింది. పెద్దావిడ, నాకు చేతులు జోడించింది. నా కళ్ళ ముందు నాషిత్ మోచెయ్యి మెదిలింది, ఉదయం అది చాచలేక నాతో చొక్కా తొడిగించుకున్నాడు. నాకు తెలుసు, ఆ మాట అంటే నాషిత్‌కి ద్రోహం చేసినట్టే. అనకపోతే నాషితే ఉండడు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, నేను నుయ్యి ఎంచుకున్నాను.

"చూశాను," అన్నాను.

"ఇంకా చూస్తావా?"

"చూస్తాను."

అతను చెక్క మీద అరచెయ్యి ఆనించినట్టున్నాడు, అలమర కొంచెం కదిలింది. అత్తగారు కళ్ళు మూసుకుంది. ఒక్క నిమిషం, సరిగ్గా ఒక్క నిమిషం, గండం గడిచిందని నేను కూడా అనుకున్నాను.

కింద వీధి రాళ్ళ మీద గాడిద గిట్టల చప్పుడు వినపడింది. మెడ గంట. ఆ వెనకే పిల్ల నవ్వు. దాన్ని తీసుకొస్తానని నాషిత్ నాతో అనలేదు. ఇందాక నేను బయల్దేరుతుంటే పేచీ పెట్టిందని భుజాల మీద ఎక్కించుకుని తెచ్చినట్టున్నాడు.

"నాన్నా! నాన్నా, దించు నన్ను! నేనే కొడతా తలుపు!"

ఇనుప కడియం ఢమఢమ మోగింది.

"మెల్లిగా తల్లీ, తలుపు విరగ్గొడతావా ఏంటి?" అన్నాడు నాషిత్. మా ఆయనకి మెల్లిగా మాట్లాడటం రాదు. ఆ గొంతు మేడ మీదికి కూడా స్పష్టంగా వచ్చింది.

అత్తగారు నా మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దిగాయి.

"అది నాషితే!" అన్నాడు వస్ఫీ అవతల. ఆ గొంతులో ముందు సంతోషమే ఉంది. చిన్నప్పటి తమ్ముణ్ణి పిలవబోతున్న మనిషి సంతోషం. "అమ్మా, మన నాషిత్..." అని ఆగిపోయాడు.

కింద పిల్ల మళ్ళీ కడియం కొట్టింది. "నాన్నా, అమ్మ పలకట్లేదు. నువ్వు పిలు!"

"ఏమేవ్, షాహెందే!" అని పిలిచాడు నాషిత్, పెళ్ళాన్ని పిలిచే గొంతుతో.

 నేను చేతిలో ఆ ఎర్ర చెప్పులు పట్టుకుని నిలబడ్డాను. 

"షాహెందే," అన్నాడు వస్ఫీ. ఇంత నెమ్మదిగా అతను మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. "మా తమ్ముడికి పెళ్ళి కాలేదన్నారు. ఆ పిల్ల నాన్నా అంటున్నది ఎవర్ని?"

జవాబు కోసం అతను ఆగలేదు. మగవాళ్ళ గదిలో, వీధి వైపు కిటికీ గడియ తీసిన చప్పుడైంది.